పలుకు పీట

మా రాజ్యంలో రాణి ఏలవచ్చు, మాట్లాడకూడదు. సభామండపం నేల కింద ఒక మహానాగం పడుకుని ఉందనీ, సింహాసనం మీంచి ఆడగొంతు గట్టిగా వినబడితే అది లేచి ఊరంతా బూడిద చేస్తుందనీ పెద్దల మాట. అందుకని రాణి తెర వెనక సింహాసనం మీద కూర్చుని మెల్లగా చెబుతుంది. తెర ముందు పీట మీద కూర్చున్న మగవాడు దాన్ని బిగ్గరగా పలుకుతాడు. ముప్పై ఏళ్లుగా ఆ మగవాణ్ణి నేను. అసలు పేరు మా ఆవిడకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఊరందరికీ నా పేరు 'పలుకు'.

పీట మీంచి ఏది వినబడితే అది శాసనం. వెనక్కి తీసుకోవడం కుదరదు. ఒక వేసవిలో పొద్దున్నుంచీ గట్టు తగాదాలు పలికి పలికి ప్రాణం విసిగి, "ఇవాళ్టికి చాలు, ఇళ్లకు పోండి" అన్నాను. అది రాణి మాట కాదు, నాది. లేఖకుడు రాసేశాడు. అప్పటి నుంచి ఏటా ఆ రోజు రాజ్యమంతా సెలవు. నేను జన్మలో చేసిన మంచిపని అదొక్కటేనని మా ఆవిడ అంటుంది.

ఆవిడ ఆ మండపమే తుడుస్తుంది. నేల మధ్యలో ఇనుప కమ్మీలు బిగించిన కన్నం ఒకటి ఉంది. కింది నుంచి నాగం ఊపిరి వెచ్చగా వస్తుంది. తడిగుడ్డలు దాని మీదే ఆరేస్తుంది.

ఇప్పుడు నా గొంతు పోతోంది. వైద్యుడు దీపం పెట్టి చూసి, ఈ నెల దాటదన్నాడు. ఆ కబురు నాకంటే ముందు మంత్రికి చేరింది. నిన్న మధ్యాహ్నం ఇంటికే వచ్చి వంటింటి గడప దగ్గర కూర్చున్నాడు.

"రేపు రాణి తన తరవాత కూతురు అని చెబుతుంది. మీరు ఆవిడ మేనల్లుడి పేరు పలకండి. మీ తరవాత పీట మీ అల్లుడికి. ఈ ఇల్లూ మీకే."

"పలక్కపోతే?"

"పీట మీద మావాడు కూర్చుంటాడు. ఆ అమ్మాయి రాణి అయితే అవనివ్వండి. ఏం చెప్పుకుంటుందో చెప్పుకోనివ్వండి. పలికేది మావాడే కదా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు కోపం కూడా రాలేదు. కోపానికైనా ఓపిక కావాలి.

మా ఆవిడ గిన్నెలు తోముతూ అంతా విన్నది. మంత్రి వెళ్లాక, "ఇల్లు పోతుందేమో," అన్నాను.

"పోతే పోయింది. తుడవడానికి ఒక ఇల్లు తగ్గుతుంది. అది కాదు గానీ, ఒకటి చెప్పండి. రోజూ పొద్దున్నే ఆ మండపంలో మిమ్మల్ని తిడతాను కదా, తుడిచిన చోట తొక్కారని. మోకాళ్ల నొప్పికి సింహాసనం మీద కూర్చునే తిడతాను. వీధి చివరికి వినబడుతుంది. ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా లేచిందా అది?"

"లేవలేదు."

"మరి?"

ఇంతకాలం ఆ సంగతి నా బుర్రకు ఎందుకు తట్టలేదో తెలియదు. తడితే నా కూడు పోతుందని కాబోలు. సిగ్గేసింది.

ఈ ఉదయం సభ నిండిపోయింది. తెర వెనక నుంచి రాణి, ఎప్పటిలాగే అలిసిన గొంతుతో, "నా తరవాత నా కూతురు" అంది. తరవాత ఇంకా మెల్లగా, "నీ ఇంటికి ఎవరొచ్చారో నాకు తెలుసయ్యా. నీకు తోచింది పలుకు" అంది. పలకడానికి కాకుండా, నాకోసం ఆవిడ అన్న మొదటి మాట అది. నాకు కళ్లు తడిశాయి.

మంత్రి నావైపే చూస్తున్నాడు. మిగిలిన గొంతంతా కూడగట్టుకున్నాను.

"రాణి తరవాత రాణి కూతురు. నేటి నుంచి పలుకు పీట లేదు. సింహాసనం మీద ఉన్నవాళ్ల మాట వాళ్లే చెబుతారు."

లేఖకుడు కలం ఆపి మంత్రిని చూశాడు. పీట మీంచి వచ్చిన మాట కాబట్టి రాయక తప్పలేదు. నేను దిగి, తెర పక్కకు లాగాను.

సభంతా నేలలో కమ్మీల వైపు చూస్తోంది. రాణి నోరు తెరిచింది. మొదటి మాట గొంతులోనే ఆగిపోయింది. దగ్గి, మళ్లీ చెప్పింది. కమ్మీల మీద మా ఆవిడ తీయడం మరిచిన గుడ్డ ఒకటి ఎప్పటిలాగే ఆరుతోంది. కింద ఏమీ లేవలేదు.

"వినబడటం లేదు," అన్నారెవరో వెనక వరసలోంచి. మంత్రి నవ్వాడు.

"వినబడకపోతే దగ్గరికి రండి," అంది రాణి.

ఎవరూ కదల్లేదు. చివరికి మా ఆవిడ చీపురు గోడకు ఆనించి ముందుకు నడిచింది. తరవాత లేఖకుడు, ఆ వెనక ఒక్కొక్కరే. నాకోసం ఎవరూ పక్కకు తప్పుకోలేదు. ముప్పై ఏళ్లు తెర పక్కనే కూర్చున్నవాణ్ణి, జనం వెనక నిలబడి మెడ చాచాను. సరిగ్గా వినబడలేదు. నేనూ దగ్గరికి వెళ్లాను.