పొగ లేని కొండలు

చింతగింజల అంబలిని వేడిగా ఉండగానే వడగట్టాలి. చల్లారితే గడ్డకట్టి గుడ్డలోంచి దిగదు. నేను పాత పంచె ముక్కలో పోసి పిండుతున్నాను. వేళ్లు కాలినప్పుడల్లా పక్కనున్న నీళ్ల చెంబులో ముంచుకుంటున్నాను. నా ఎదురుగా చంద్రవ్వ అక్క సుద్ద నూరుతోంది. మా బాపు రాజం పటాలు గీసే నకాషి. కథలు చెప్పేవాళ్లు ఊరూరా విప్పి చూపించే పొడుగాటి పటాలు ఆయన చేతివే. ఖద్దరు గుడ్డకు ఈ అంబలి, సుద్ద, తుమ్మబంక కలిపి పూతలు వేసి ఆరబెడితేగానీ ఆయన కుంచె ముట్టడు.

"ఇశ్రాయేలును రమ్మని కబురు పెట్టిన," అన్నది అక్క, పొత్రం ఆపకుండానే.

బాపు తల ఎత్తాడు. "ఎందుకు బిడ్డా?"

"పనున్నది."

ఆ పనేమిటో నాకు తెలుసు. పొద్దున పాలు పోయడానికి వచ్చిన బుచ్చవ్వ గడపలో నిలబడి చెప్పింది. "మీ ఇశ్రాయేలు చాయ్ దుకాన్ల ఒకటే ముచ్చట్లు. ఇమానం ఎక్కి మంచుకొండలు చూసిండట. వెండి పోతపోసినట్టు ఉన్నయట. వినేటోళ్లు చాయ్ చల్లారిపోయినా తాగుతలేరు." అక్క పాలగిన్నె పట్టుకుని ఆమె వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడిపోయింది.

యుద్ధానికి మనుషులను తీసుకుంటున్నప్పుడు అక్క పెనిమిటి, మా బావ భూపతి, ఆయన దోస్తు ఇశ్రాయేలు కలిసి వెళ్లారు. ఇద్దరినీ అస్సాం వైపు విమానాలు దిగే మైదానానికి పంపారు. ఇశ్రాయేలును వంటశాలలో పెట్టుకున్నారు. బావ విమానాల్లో బస్తాలు ఎక్కించేవాడు, వాటితోపాటు తానూ ఎగిరేవాడు. ఒకరోజు బావ ఎక్కిన విమానం కొండల మీదుగా చీనా వైపు వెళ్లి, తిరిగి రాలేదు. వెతికామని, దొరకలేదని సర్కారువాళ్లు చెప్పారు. చనిపోయాడని మాత్రం ఎవరూ చెప్పలేదు. కొండల్లోనూ ఊళ్లుంటాయని ఒకరన్నారు. కాలో చెయ్యో విరిగితే అక్కడివాళ్లే సాకుతుండవచ్చని ఇంకొకరన్నారు. అక్క ఆ మాటలు పట్టుకుంది. రోజూ సాయంత్రం సికిందరాబాదు మోటరు కూత వినబడగానే లేచి అడ్డా దాకా వెళ్లి, దిగేవాళ్లందరినీ చూసి వస్తుంది. వచ్చేదారిలోనే అత్తగారిల్లు. బావ తల్లి కొమురవ్వ కొడుకుకని అన్నం తీసిపెట్టి గడపలో కూర్చుని ఉంటుంది. అక్క ఒంటరిగా రావడం చూశాకే ఆ అన్నం ఆమె తింటుంది. యుద్ధం ముగిసి ఇది రెండో ఎండాకాలం.

పోయిన వానాకాలం ఇశ్రాయేలు తిరిగివచ్చిన రోజే అక్క అడిగింది. "మీ అన్న పోయిన దిక్కు నువ్వు చూసినవా?" తనూ ఒకసారి విమానం ఎక్కానని, కానీ అంతా మబ్బు పట్టి ఏమీ కనబడలేదని అతను చెప్పాడు. ఆ తర్వాత మా ఇంటికి కట్టెలు తెచ్చిపడేశాడు, పందిరికి తాటికమ్మలు కప్పాడు, బాపుకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకువెళ్లాడు. కూర్చోమంటే మాత్రం ఏదో పని ఉందని వెళ్లిపోయేవాడు.

ఎండ కొంచెం తగ్గాక వచ్చాడు. ఎప్పటిలాగే పందిరి అంచునే నిలబడ్డాడు.

"లోపలికి రా," అన్నాడు బాపు.

"గీడనే మంచిగుంది మామా, గాలి వస్తుంది."

"చాయ్ దుకాన్ల మబ్బు లేదట గదా," అన్నది అక్క.

ఇశ్రాయేలు తల మీది రుమాలు తీసి చేతికి చుట్టుకున్నాడు, మళ్లీ విప్పాడు.

"వదినె..."

"ఊరందరికి కనవడ్డ కొండలు నాకు ఎందుకు కనవడద్దు?"

నేను గిన్నెలో అంబలి కలుపుతూనే ఉన్నాను. చేతికి ఏదో ఒక పని ఉండాలనిపించింది. చివరికి బాపే లేచాడు. గోడకు ఆనించి పెట్టిన, పూత ఆరిన గుడ్డ ఒకటి తెచ్చి పరిచాడు. "నోట చెప్పరాకుంటే నేను గీస్త. తప్పైన కాడ చెప్పు," అని, అతను జవాబిచ్చేలోపే నల్లరంగులో కుంచె ముంచి చకచకా గీశాడు. మా పటాలన్నిటిలో ఉండే మంచుకొండే అది. హిమవంతుడు. పార్వతమ్మ తండ్రి. కిరీటం పెట్టుకుని, మెలితిప్పిన మీసాలతో, మోకాలు మీద చెయ్యి వేసుకుని కూర్చుంటాడు.

ఇశ్రాయేలు వంగి చూశాడు. ఉండబట్టలేక నవ్వేశాడు.

"మామా, గిట్ల మీసాలు తిప్పుకుంట కూసుంటే మా పైలటు సలాం కొట్టి ఎనుకకు మర్రేటోడు."

"మరెట్లుంటదిరా? కొండలకు రాజు గదా!"

"ముఖం లేదు మామా. ఏం లేదు."

అక్క పెదవులు కూడా కొంచెం కదిలాయి. ఆ నవ్వుతోనే కావచ్చు, ఇశ్రాయేలు పందిరి దాటి లోపలికి వచ్చి గుడ్డ పక్కన కూర్చున్నాడు. మా ఇంట్లో అతను కూర్చోవడం అదే మొదటిసారి.

"లడాయి అయిపోయింది, ఇండ్లకు పంపుతున్నరు. ఒక పైలటు దొర వంటోళ్లను పిలిచిండు. ఇన్నేండ్లు మాకు వండిపెట్టిన్రు, పోయేముందు మీకు కొండలు చూపిస్త రాన్రి అన్నడు. కంబళ్లు కప్పుకొని ఎక్కినం. మా పెద్ద వంటాయన లేవంగనే తన టోపీలనే కక్కిండు. చెవులు దిబ్బడేసినయి. మొదలు పచ్చటి గుట్టలు. అవుతల గోధుమరంగుయి. అవుతల..." అతను ఆగాడు. "అవుతల తెలుపే మామా. చూసినంత దూరం తెలుపే."

బాపు ఇంకో గుడ్డ తెచ్చాడు. అలవాటుగా వెనుక వేసే ఎరుపు కోసం చెయ్యి చాపాడు. మా పటాల్లో ఆకాశమైనా నేలైనా ఎరుపే.

"ఎరుపు ఏడ వెయ్యాలె?"

"ఏడ లేదు."

"నువ్వు ఏ దిక్కుకెళ్లి చూసినవ్? ఎదురుంగనా?"

"పైకెళ్లి. మేమే మీద, కొండలు కింద. మా ఇమానం నీడ మంచు మీద కాకి లెక్క ఉరుకుతుండె."

బాపు గోడకు వేలాడదీయబోయిన గుడ్డను తీసి వాకిట్లో నేలమీదే పరిచాడు. తెల్లరంగు చిప్పను పక్కకు జరిపాడు. పూత వేసిన గుడ్డే తెలుపు కదా, దాన్ని అట్లాగే వదిలేసి నీలిరంగుతో నీడలు మాత్రం వేయసాగాడు. ఇశ్రాయేలు వేలుతో చూపిస్తూ పోయాడు. ఇక్కడ కత్తి అంచులాగా సన్నం. ఇక్కడ పెద్ద లోయ, అడుగు కనబడదు. ఇక్కడ ఎండ పడి గులాబిరంగు. ఇక్కడ గాలికి మంచు ఎగిరి కొండకు కొంగులాగా ఉన్నది. బాపు అడిగినవి అడిగినట్టు చెబుతూ అతను అక్క అక్కడుందని మరిచిపోయినట్టున్నాడు.

నేను మరిచిపోలేదు. అక్క నూరడం వదిలేసి వచ్చి గుడ్డ అంచున నిలబడింది. పైనుంచి, వాళ్లు చూసినట్టే చూస్తోంది. కొంగుతో చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"ఇండ్లు ఏడున్నయి?" అని అడిగింది.

ఇశ్రాయేలు వేలు ఆగిపోయింది.

"బాట ఏడున్నది?"

"లేదు వదినె."

"మరి పొగ? మనుషులుంటే పొయ్యి ఉంటది. పొయ్యి ఉంటే పొగ లేస్తది."

ఇశ్రాయేలు గుడ్డ మీది వేలు వెనక్కి తీసుకున్నాడు. "నేను ఇమానం ఎక్కిందే పొగ కోసం," అన్నాడు మెల్లగా. "అందరు కొండలు చూసుకుంట చప్పట్లు కొడుతుంటే నేను అద్దానికి ముఖం పెట్టి పొగ ఏడ లేస్తదా అని ఎతికిన. ఎగిరినంత సేపు ఎతికిన. ఎనుకకు మర్రినంక గూడ ఇంకో దిక్కు అద్దం కాడికి పోయి ఎతికిన. లేదు. గాడ పక్షి గూడ లేదు వదినె. గందుకే నీకు మబ్బు అని చెప్పిన."

నేను అక్క చేతులనే చూస్తున్నాను. సుద్ద ఆరిపోయి వేళ్లన్నీ తెల్లగా ఉన్నాయి. గాజుల మీద కూడా సుద్ద పడింది. ఆమె ఏడవలేదు. చుట్టూ ఒకసారి నడిచింది, గుడ్డ తొక్కకుండా, కాలు ఎత్తి ఎత్తి పెడుతూ.

"చూడనీకి మంచిగుంటయా?"

"ఉంటయి." అన్నాడతను. "అంత మంచిగ ఉండకుంటే బాగుండు."

అక్క మోకాళ్ల మీద కూర్చుంది. అన్నిటికంటే ఎత్తుగా బాపు వేసిన కొండను వేలితో ముట్టీ ముట్టకుండా చూపించింది.

"బాపూ, దీనికి కండ్లు పెట్టు."

"ముఖం లేదన్నడు గదా బిడ్డా."

"మీసాలద్దు, కిరీటమద్దు. కండ్లు పెట్టు. ఆయన్ను ఎవరన్న చూసుకుంట ఉండాలె గదా."

మా ఇంట్లో పటానికి కళ్లు పెట్టడం చివరి పని. బొట్టు పెట్టి, బెల్లం నైవేద్యం పెట్టి, అప్పుడు తెరిపిస్తారు. బాపు నా వైపు చూశాడు. నేను లోపలికి వెళ్లి దీపం వెలిగించి, బెల్లం ముక్క తెచ్చాను. ఇశ్రాయేలు లేచి పక్కకు జరగబోతే బాపు అతని భుజం పట్టి కూర్చోబెట్టాడు. "నువ్వు చూసి వచ్చినోడివి. గీడనే ఉండు."

బాపు ఉడుత వెంట్రుకల సన్న కుంచెతో రెండు కళ్లు వేశాడు. హిమవంతుడివిలా గుండ్రంగా, కోపంగా కాదు. పొడుగ్గా, కిందికి వాలినట్టు. నిద్రపోతున్న పిల్లవాడి పక్కన కూర్చున్న తండ్రి కళ్లలాగా ఉన్నాయి.

ఎండకు రంగు తొందరగానే ఆరింది. నేను అంబలి గిన్నె మీద మూత పెట్టాను. ఇశ్రాయేలు దీపం కొండెక్కకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుడే అడ్డా దిక్కు నుంచి మోటరు కూత వినబడింది. ముగ్గురం అక్క వైపు చూశాం.

అక్క చేతులు కడుక్కున్నది. గాజుల మీది సుద్దను కొంగుతో ఒక్కొక్కటిగా తుడుచుకున్నది. కళ్లు లోపలికి వచ్చేలా గుడ్డను జాగ్రత్తగా చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు భుజానికి ఆనించుకున్నది. గడప దాటి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, మోటరు అడ్డా వైపు తిరగకుండా, కొమురవ్వ అన్నం పెట్టుకుని కూర్చున్న సందులోకి నడిచింది.