ఎల్లాజీ కట్టు

పదిహేడో టోపీని మోకాళ్ల మధ్య బిగించుకుని ఎల్లాజీ పట్టకారు కోసం తడుముకున్నాడు. కుడిచెయ్యి ఆగితే ఎడమచెయ్యి ఆడుతోంది, ఎడమచెయ్యి ఆగితే కుడిచెయ్యి ఆడుతోంది. రెండూ ఒక్కసారి ఆగే క్షణం కోసం ఊపిరి బిగబట్టి, రాగితీగ ముక్కను రెండు మెలికలు తిప్పి, కొస లోపలికి వంచేశాడు. కిటికీ అవతల ఎవరూ లేరని చూసుకున్నాకే ఊపిరి వదిలాడు.

చీపురుపల్లి దాటి ఎర్రమట్టి బాటలో రెండు మైళ్లు పోతే వచ్చే మాంగనీసు గనిలో అది దీపాల గది. లాంపు రూమంటారు. పందొమ్మిదివందల అరవై ఎనిమిదో సంవత్సరం, వైశాఖం ఎండలు. రేకుల కప్పు కింద మనిషి ఉడికిపోవాల్సిందే గాని, ఎల్లాజీకి చెమట తుడుచుకోవడం కూడా పెద్ద పనే అయి కూర్చుంది. నుదుటి దాకా వెళ్లిన చెయ్యి ఎక్కడ ఆగుతుందో దానికే తెలియదు.

గనిలోకి దిగే ప్రతివాడి నెత్తి మీదా గట్టి అట్ట టోపీ, దాని ముందు దీపం, నడుముకు బ్యాటరీ పెట్టె. దీపాన్నీ పెట్టెనూ కలిపేది చూపుడువేలంత లావు నల్లని వైరు. ఆ వైరును నడినెత్తి మీదుగా వెనక్కి తెచ్చి, టోపీ వెనక అంచున రెండుచోట్ల కట్టి, వీపు వెంట నడుముకు దించాలి. మెడ దగ్గర నాలుగువేళ్ల వదులు ఉండాలి. తక్కువైతే తల తిరగదు, ఎక్కువైతే ఉచ్చులా ఊగుతుంది. ఇంతోటి పనికి మనిషి కావాలా అని గుమాస్తాలు నవ్వుకునేవారు. గనిలోకి దిగేవాళ్లు మాత్రం నవ్వలేదు. వాళ్లు దాన్ని ఎల్లాజీ కట్టు అనేవారు.

అంతకుముందు పద్నాలుగేళ్లు ఎల్లాజీ కూడా కిందే ఉన్నాడు. రాతిలో బెజ్జాలు వేసే పని. ఆ నల్లదుమ్మే అన్నం, ఆ నల్లదుమ్మే నీళ్లు. ఒకనాడు పక్కనే నడుస్తున్న సూరయ్య వైరు, పట్టాల మీద పోతున్న టబ్బు కొక్కేనికి తగులుకుంది. ఖనిజపు రాయి నిండిన ఇనప బండి అది, ఎవరు అరిస్తే ఆగుతుంది? టోపీ పట్టీ గడ్డం కింద, వైరు మెడ చుట్టూ. పది గజాల అవతల బండి ఆగేసరికి సూరయ్య లేడు.

తరవాత ఆ దుమ్ము ఒంట్లోకి ఎక్కి ఎల్లాజీ కాళ్లు బిగుసుకుపోయి, మునివేళ్ల మీద కోడిలా నడవడం మొదలయ్యాక, పైకి తెచ్చి దీపాల గదిలో కూర్చోబెట్టారు. వచ్చినవాడు మొదటి రోజే వైర్లను పట్టి ఉంచే ఇనప బిగింపులన్నీ పీకేసి నూలుదారంతో కట్టాడు. భార్య దాలమ్మ పొందూరు చుట్టాలింటి నుంచి తెచ్చిన సన్నదారం. రెండే ముడులు. వైరు దేనికైనా తగిలితే ముందు దారం తెగాలి, దీపం ఊడిపోవాలి, తల మాత్రం మనిషికే మిగలాలి. అదీ కట్టులో కిటుకు. ఆరేళ్లలో పదకొండు దీపాలు పగిలాయి. మనిషి ఒక్కడూ పోలేదు.

ఈ మాఘమాసం నుంచి దారం వేళ్లకు చిక్కడం లేదు. చిక్కినా ముడి పడటం లేదు. చేతులు ఇలా ఉన్నాయని ఫోర్‌మన్ నరసింగరావు కంటపడితే ఇంటికి పొమ్మంటాడు. ఇంటికి పోయి ఏం చెయ్యాలి? గని పని తప్ప ఎల్లాజీకి ఏమీ రాదు. అందుకని మోటారు షెడ్డులో పారేసిన రాగితీగ తెచ్చి, పట్టకారుతో మెలిపెట్టడం మొదలుపెట్టాడు. అది ముడి అడగదు. తళతళా మెరుస్తుంది. నరసింగరావు చూసి మెచ్చుకున్నాడు కూడా. ఆ మెప్పు విన్నరోజు ఎల్లాజీకి అన్నం సయించలేదు. రాగితీగ తెగదని అతనికి తెలియక కాదు. తెలిసే కట్టాడు. ఎవరిదీ తగులుకోదులే అని రోజూ తనకు తానే చెప్పుకుంటున్నాడు.

మధ్యాహ్నం దాలమ్మ చోడంబలి తెచ్చింది. తలుపు ఓరగా వేసి, గిన్నె తనే పట్టుకుని తాగించింది. మూతి తుడిచి, బల్ల మీది టోపీల వైపు చూసింది.

"మల్లీ రాగితోటే కట్టినావా?"

ఎల్లాజీ పట్టకారును టోపీ కిందికి తోశాడు. మొహంలో ఏమీ కదలలేదు. ఈమధ్య అతని మొహంలో ఏదీ కదలదు. ఊళ్లోవాళ్లు పొగరెక్కిందనుకుంటున్నారు.

"బాబుగోరికి సెప్పీ మావా. పోతే పోనాది కొలువు. కూలికి నానెల్తాను."

"రేపు సెప్తాను."

"నిన్నా అదే మాటన్నావు."

గిన్నె కడుక్కుని ఆమె వెళ్లిపోయింది. కోపంగా నడిచే మనిషి కాదు, ఆవేళ కోపంగా నడిచింది.

మూడింటికి కూత కూసింది. పొద్దుటి మనుషులు పైకి వచ్చి, ఒక్కొక్కరే కిటికీలో టోపీలు పెట్టి పోతున్నారు. నాలుగింటికి రెండో జట్టు, ఎల్లాజీ పొద్దుటి నుంచి కట్టిన టోపీలు పెట్టుకుని దిగాలి. చివరికి గంగులు వచ్చాడు. బండ్లు నెట్టే బలిష్ఠుడు, ఎప్పుడూ పెద్ద గొంతు. ఇవాళ గొంతు బొంగురుగా ఉంది, కాని నవ్వుతున్నాడు.

"మావా, నీ కట్టుకి దండం ఎట్టాలిరా బాబూ! టబ్బు కొక్కేనికి తగులుకుంది. నన్ను నాలుగు గజాలు ఈడ్సుకుపోనాది. కూర్మయ్య సక్రం కింద కర్ర ఎట్టకపోతే ఏటయ్యేదో! అయినా సూడు, నీ తీగ ఊడనేదు. దీపం సెక్కు సెదరనేదు."

అని మెడ తిప్పి టోపీ చూపించాడు. ఎల్లాజీ టోపీ చూడలేదు. మెడ చుట్టూ వేలి లావున ఎర్రటి వాత చూశాడు. చెవి కింద తోలు లేచి రక్తం చెమర్చింది. ఆ మెడ మీద సూరయ్య తల కనబడింది అతనికి. చేతిలో పట్టకారు గచ్చు మీద పడింది. మెచ్చుకోలు పొందినవాడు నవ్వాలి కదా అని గంగులు ఎదురుచూస్తున్నాడు.

"గంగులూ, బాబుగోరిని పిలు," అన్నాడు ఎల్లాజీ. "రెండో జట్టుని దిగొద్దను."

నరసింగరావు కసురుకుంటూ వచ్చాడు. ఆలస్యమైతే పైవాళ్లకు సంజాయిషీ చెప్పుకోవాల్సింది అతను. ఎల్లాజీ లేచి నిలబడి, మూడునెలలుగా బల్ల కింద దాచుకున్న రెండు చేతులూ అందరి ముందూ చాపాడు. అవి ఆడుతూనే ఉన్నాయి.

"దారం కట్టనేక రాగి ఎట్టాను బాబూ. అది తెగదు. తెలిసే ఎట్టాను. ఈడి పీక నానే కోసేసీవోన్ని."

గంగులు చెయ్యి మెల్లగా మెడ మీదికి పోయింది. నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక మొహం మీద అలాగే ఉండిపోయింది. ఫోర్‌మన్ ఆ చేతుల్ని చూశాడు, వాతను చూశాడు.

"దీపాలు లేకుండా జట్టు దిగదు. ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ఎవడిది ఆడే కట్టుకోవాల. నాను సెప్తాను."

అలా ముప్పైరెండుమంది దీపాల గది ముందు ఎండలో గొంతుక్కూర్చున్నారు. రాగి పీకేశారు. గంగులు ఇంటికి పోకుండా దారం తుంచి పంచాడు. ఎల్లాజీ కోడి నడకతో ఒక్కొక్కడి వెనకా నిలబడి చెప్పాడు. "నడినెత్తి మీంచి తే. మెడకాడ నాలుగు వేల్ల ఒదులుంచు. రెండు ముడులే, మూడోది ఎయ్యకు. లాగి సూడు, తెగినాదా? తెగాల. మల్లీ కట్టు." రాయి పగలగొట్టే వేళ్లకు ఆ సన్నదారం లొంగక తంటాలు పడ్డారు. ముడులు వంకరగా, లావుగా, పొక్కుల్లా వచ్చాయి. ఒక్కటీ ఎల్లాజీ కట్టులా లేదు. అతను ఒక్కదాన్నీ సరిదిద్దలేదు. పని జరగడానికి తన చేతులు అక్కర్లేదని అప్పుడే అర్థమైంది. గుండె బరువు దిగింది, దాంతోపాటే మరేదో కూడా దిగిపోయింది. దాన్ని ఇక ఎక్కడ వెతుక్కోవాలో అతనికి తెలియలేదు.

ఐదింటికి జట్టు దిగింది. నరసింగరావు చిట్టాలో ఏదో రాసుకుంటూ, తలెత్తకుండానే, రేపటి నుంచి రావద్దులే అన్నాడు. కఠినంగా అనలేదు. ఎల్లాజీ సరే బాబూ అన్నాడు. గంగులు తోడొస్తానంటే వద్దని పంపేశాడు. గదిలోకి వెళ్లి కొంతసేపు లోపలే ఉన్నాడు. తరవాత బనీనుతో బయటికొచ్చి, మునివేళ్ల మీద, రైలుకట్ట వెంట ఊరివైపు నడిచిపోయాడు.

తలుపు మూయడానికి నరసింగరావు లోపలికి వచ్చాడు. గోడ మేకుకు కంపెనీ ఇచ్చిన ఖాకీ చొక్కా వేలాడుతోంది. బొత్తాములన్నీ పెట్టే ఉన్నాయి. దగ్గరికెళ్లి చూస్తే, ఒక్కో బొత్తామునూ కాజాలోంచి ఎన్నడూ తియ్యనక్కర్లేకుండా, తల మీంచి తొడుక్కునేలా, సన్న నూలుదారంతో దాలమ్మ కుట్టేసింది.