పిండి విసిరే చెయ్యి

మా ఆయనను బేకరీలో అందరూ పౌడరు డబ్బా అనేవారు. పెళ్ళయిన కొత్తలో అది వింటే నాకు ఒళ్ళు మండేది. అసలే నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తర్వాత నేనూ అదే బేకరీలో ప్యాకింగులో చేరాను. ఒక్క పూట ఆయన పని చూశాక, ఇంకేం పేరు పెడతారులే పాపం అనుకున్నాను. కనుబొమల నుంచి చెప్పుల దాకా పిండే. నవ్వితే పళ్ళు ఏవో మీసం ఏదో తెలిసేది కాదు.

పిండి ముద్ద బల్లకు అంటుకోకుండా ముందుగా బల్ల మీద పొడిపిండి చల్లాలి. అందరూ చల్లేవారు, ఈయన మాత్రం విసిరేవాడు. గుప్పెడు పిండి తీసుకుని మణికట్టు ఒక్క తిప్పు తిప్పితే, బల్ల ఈ కొస నుంచి ఆ కొస దాకా గుడ్డ పరిచినట్టు పరుచుకునేది. కొత్తగా చేరినవాళ్ళు పని ఆపి మరీ చూసేవారు. యజమాని ఎవరైనా పెద్దమనిషిని లోపలికి తీసుకొస్తే ముందు ఈయన బల్ల దగ్గరికే తెచ్చేవాడు. ఈయనకు అదో గొప్ప. ఎవరూ అడగకపోయినా, "చాలా, ఇంకోసారి వెయ్యమంటారా?" అని ఇంకో గుప్పెడు తీసేవాడు.

తుమ్ములు చాలా ఏళ్ళ నుంచి ఉన్నాయి. పిండి పనన్నాక తుమ్ములు రావా అని ఎవరూ లెక్కచేయలేదు. తర్వాత కళ్ళు ఎర్రబడటం, ఆ తర్వాత పిల్లికూతలు. సెలవు రోజున ఈల వేసుకుంటూ తిరిగే మనిషి, పనికి వెళ్ళిన రోజు సాయంత్రానికి మెట్లెక్కలేక మధ్యలో నిలబడిపోయేవాడు. డాక్టరుకు చూపించుకోమని నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. వింటేగా.

అలాంటప్పుడు ఒక డాక్టరమ్మ మా బేకరీకి వచ్చింది. వైద్యం చేయడానికి కాదు. బేకరీల్లో పనిచేసేవాళ్ళు గాలితోపాటు ఏం పీలుస్తున్నారో పరిశోధన చేస్తోందట. అందరి కాలర్లకూ చిన్న గొట్టాలు తగిలించింది, నడుముకు బుల్లి పంపులు కట్టింది. ఆ పంపు గుర్రుమంటుంటే మా ఆయన దాన్ని చంటిపిల్లను జోకొట్టినట్టు జోకొడుతూ నవ్వించాడు. మొదటి రోజే ఆ పిల్లను చెల్లెమ్మా అన్నాడు, ఆమె అన్నయ్యా అంది. అంటే నాకు అడగకుండానే ఒక ఆడపడుచు వచ్చిపడిందన్నమాట.

తేలిందేమిటంటే, మా బేకరీలో అందరికంటే ఎక్కువ పిండి ఎగిరేది మా ఆయన బల్ల దగ్గరే. ఆయనతోపాటు చుట్టుపక్కల బల్లలవాళ్ళూ అదే పీలుస్తున్నారు. వాళ్ళలో చాలామందికి అప్పటికే దగ్గు పట్టుకుంది. మా ఆయన ఊపిరితిత్తులు అయితే పిండిని అసలు తట్టుకోలేని స్థితికి వచ్చాయట. ఈ పని మానేయాలి, బేకరీ గుమ్మం కూడా తొక్కకూడదు అని డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"పిండి నాకు పడకపోవడమేంటి చెల్లెమ్మా? ఇన్నాళ్ళూ నన్ను సాకింది అదేగా," అన్నాడు మా ఆయన.

మానేశాడు. ఒక ఆఫీసు గేటు దగ్గర కాపలా పని దొరికింది. నా బట్టల మీది పిండి కూడా ఆయనకు పడదని, నేను బేకరీలోనే స్నానం చేసి, తల కడుక్కుని, వేరే బట్టలు కట్టుకుని ఇంటికి వచ్చేదాన్ని. నన్ను దగ్గరికి తీసుకుని మెడ వాసన చూసి, సబ్బు వాసన తప్ప ఏమీ రావట్లేదే అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమనేది.

డాక్టరమ్మ పరిశోధన పూర్తయింది. పెద్ద పెద్ద సభల్లో చదివిందట, మెచ్చుకున్నారట. బేకరీల్లో మాత్రం చీమ కూడా కదల్లేదు. ఏం చేయాలో తెలియక కాదు. పొడిపిండిని చిన్న జల్లెడలో పోసి బల్లకు దగ్గరగా పట్టుకుని తట్టడం, మూటలు దులపకుండా నిదానంగా ఒంపడం, పొడి చీపురుతో కాక తడిగుడ్డతో తుడవడం. అంతే. కానీ ఏళ్ళ తరబడి అలవాటైన చేతికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? గోడకు బొమ్మల కాగితాలు అంటించింది, వాటి మీద పిండి పేరుకుని బొమ్మలు కనబడకుండా పోయాయి. ముక్కుకు కట్టుకునే మాస్కులు పంచింది, ఓవెను ముందు ఉక్కపోసి అందరూ గడ్డం కిందికి లాగేసుకున్నారు. ఉపన్యాసం ఇస్తే మా యజమానే ముందు వరసలో గుర్రు పెట్టాడు. పాపం, మా ఇంటికి వచ్చి మా ఆయన ముందు కూర్చుని ఏడ్చినంత పని చేసింది.

ఆ తర్వాత వీడియో తీయాలని తోచిందట. ముందు తప్పు పద్ధతి, తర్వాత మంచి పద్ధతి. పిండి ఎగరడం కనబడేలా పక్క నుంచి పెద్ద లైటు వేస్తారు. తప్పు పద్ధతి చూపించడానికి మా బేకరీలోనే ఇంకొకాయన్ని మాట్లాడింది. నేనూ వచ్చి చూస్తాను, పనిగది కిటికీ అద్దం అవతలే ఉంటాను అని మా ఆయన పట్టుబట్టాడు. ముక్కుకు మంచి మాస్కు తగిలించి, అద్దం బయట కుర్చీ వేసి, కదిలితే ఊరుకోనని చెప్పి మరీ కూర్చోబెట్టింది.

ఆ ఇంకొకాయన విసిరాడు. పిండి కుప్పగా బల్ల మీద పడింది. మళ్ళీ విసిరాడు, మళ్ళీ అంతే. లైటులో ఏమీ ఎగరలేదు. నేను ప్యాకింగు బల్ల దగ్గర నుంచి అద్దం వైపు చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ఈయన అప్పటికే లోపలికి వచ్చేశాడు. మాస్కుతో పిండి విసరడం ఏంటి, అసహ్యంగా ఉండదూ అనుకున్నాడో ఏమో, దాన్ని కిందికి లాగేశాడు. నేను ఏవండీ అని అరిచేలోపే చెయ్యి తిరిగింది.

అంత అందంగా ఆయన ఎప్పుడూ విసరలేదు. బల్లంతా సమంగా పరుచుకుంది. మిగిలిన పిండి లైటు వెలుగులో మబ్బులా లేచి, దిగకుండా అలాగే నిలబడింది. తెల్లటి కనుబొమలు ఎగరేసి కెమెరా వైపు తిరిగి, "చాలా, ఇంకోసారి వెయ్యమంటారా?" అన్నాడు.

ఆ తర్వాత బయట మెట్ల మీద కూర్చుని మందు పీల్చుకుంటూ చాలాసేపు ఆయాసపడ్డాడు. డాక్టరమ్మ ఆయన చెయ్యి వదల్లేదు. తిట్టింది, ఏడ్చింది, ఇదంతా చెరిపేస్తానంది.

"చెరపకు. అలా విసరడం ఎంత చెడ్డదో నన్ను చూస్తేనే తెలుస్తుంది. పదిమందికీ చూపించు," అన్నాడు.

మరుసటి చలికాలం జలుబు చేసింది. జలుబు కాస్తా ఛాతీలోకి దిగింది. ఆసుపత్రికి వెళ్ళే దారిలో నా వేళ్ళను గట్టిగా పట్టుకున్నాడు. అక్కడికి చేరేలోపే ఆ పట్టు సడలింది. వీడియో తీసిన రోజు వల్ల కాదు వదినా, అది అంతకుముందు ఏళ్ళ తరబడి పీల్చినదాని వల్ల అని డాక్టరమ్మ చెప్పింది. అయినా ఆ రోజు నేను తలుపుకు గడియ పెట్టాల్సింది అని కూడా అంది. పోట్లాడటానికి నాకు ఒంట్లో ఓపిక లేదు.

కొన్నాళ్ళకు ఆ వీడియో మా బేకరీకే వచ్చింది. అందరినీ కూర్చోబెట్టి గోడ మీద వేశారు. నా కళ్ళెదుట నా మొగుడు నిక్షేపంలా నిలబడి పిండి విసిరాడు. "ఈ పౌడరు డబ్బాగారు ఒక్కసారి విసిరింది మీరంతా రోజంతా పీలుస్తారు," అని వీడియోలో వెనక నుంచి ఎవరిదో గొంతు. ఆయన తిరిగి ఆ ప్రశ్న అడగగానే అందరూ ఘొల్లుమన్నారు. కొత్తవాళ్ళకు ఆయన ఎవరో తెలియదు, తెలిసినవాళ్ళకు నవ్వు ఆగలేదు. నేను లేచి మూటల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని కుళ్ళికుళ్ళి ఏడ్చాను.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ ఆఫీసుకు వెళ్ళి దులిపేశాను. నిజం ఆడపడుచుతో కూడా అంతలా పోట్లాడి ఉండను. ఆయనలాంటి చెయ్యి ఈ చుట్టుపక్కల ఇంకొకటి ఉందా, ఆయన్ని పట్టుకుని నలుగురిలో నవ్వులపాలు చేస్తావా, తీసెయ్ అన్నాను. ఆమె తలవంచుకుని అంతా విన్నది. తీసేయమంటే తీసేస్తాను వదినా అంది. కానీ మంచి పద్ధతి ఒక్కటే చూపించిన చోట అందరూ తలలూపి మళ్ళీ మామూలుగా చల్లుకున్నారట. అన్నయ్యను చూపించిన బేకరీల్లో అవే పంపులు పెట్టి మళ్ళీ కొలిస్తే, గాలిలో పిండి సగానికి పైగా తగ్గిందట. వేరే ఊళ్ళవాళ్ళూ అడుగుతున్నారట.

అయితే ఆ వెనక గొంతు మార్చు, నేను చెబుతాను అన్నాను. సరేనంది. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి నా మాటలు రికార్డు చేశారు. ఈయన మా ఆయన, ఇంత బాగా విసిరేవాళ్ళు ఎవరూ లేరు, దీనివల్లే పోయాడు, మీరిలా చేయకండి అని చెప్పాను. గొంతు వణికింది, అలాగే ఉంచారు. కొన్ని బేకరీల్లో చూపించారు. నేనూ వెళ్ళాను. ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు, మగవాళ్ళు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. ఇన్నాళ్ళకు ఆయనకు దక్కాల్సిన మర్యాద దక్కిందనుకున్నాను.

తర్వాత పంపులు పెట్టి కొలిచారు. ఆ బేకరీల్లో పిండి ఎప్పటిలాగే ఎగురుతోంది. జల్లెడలు మేకులకు వేలాడుతున్నాయి. ఏం గుర్తుందని అడిగితే, పాపం ఆవిడ మొగుడు పోయాడట అని చెప్పారట.

ఈ సంగతి నాకు చెప్పడానికి డాక్టరమ్మ ఇంటికి వచ్చి, చెప్పలేక మంచినీళ్ళు తాగుతూ కూర్చుంది. "చావు సంగతి చెబితే అది పక్కవాడికి వచ్చేదనుకుంటారు వదినా. నవ్వితే మాత్రం ఆ పని చేయడానికి సిగ్గుపడుతున్నారు. ఏ గొంతుతో చూపించాలో నువ్వే చెప్పు. నువ్వెలా అంటే అలా," అంది. ఆలోచించుకోనీ అన్నాను.

ఆయన బల్ల దగ్గర ఇప్పుడు ఒక అమ్మాయి పనిచేస్తోంది. ఆయన ఉన్నప్పుడు పక్క బల్ల దగ్గర దగ్గుతూ ఉండేది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. మర్నాడు ఆ పిల్ల ఏదో ధ్యాసలో గుప్పెడు పిండి తీసి విసరబోయింది. ఏమే పౌడరు డబ్బా అని నలుగురూ ఒక్కసారే అన్నారు. ఆ పిల్ల నాలుక కరుచుకుని, గుప్పెట్లోది జల్లెడలో పోసి బల్ల మీద తట్టడం మొదలుపెట్టింది. తడుతూ తడుతూ కూనిరాగం తీసింది. చాలాసేపు తీసింది, మధ్యలో ఒక్క దగ్గు లేదు. ఆయన పేరు తిట్టయిపోయిందని నా గుండె కలుక్కుమంది. కానీ ఆ పిల్ల పాట వింటూ నేను ఎవరి మీద కోపం తెచ్చుకోను?

పాతదే ఉంచమని డాక్టరమ్మకు చెప్పాను.

ఇప్పుడు నేనూ వాళ్ళ బృందంతో తిరుగుతున్నాను. వీడియో అయ్యాక జల్లెడ ఎలా పట్టుకోవాలో చేసి చూపించేది నేనే. నేను ఎవరినో ఎక్కడా చెప్పను. చెబితే నవ్వరు, నవ్వకపోతే ఆ మాట చేతిదాకా దిగదు. కొన్నిచోట్ల యజమాని పక్కనే నిలబడి ఉంటాడు. పనివాళ్ళు అతని ముఖం చూస్తూ బిగుసుకుని కూర్చుంటారు. అలాంటి చోట మా ఆయన గోడ మీద చెయ్యి తిప్పి, పిండి నిండిన ముఖంతో మావైపు తిరిగి, చాలా అని అడగగానే, అందరికంటే ముందు నేను పకపకా నవ్వుతాను. నన్ను చూసి వాళ్ళూ నవ్వుతారు.