మంట తగ్గిన పాదాలు

మిల్పా అల్టా సంతలో నాగజెముడు మట్టల ముళ్ళు గీకడంలో హసింతాకు సాటి లేరు. చేతిలో కత్తి ఎంత జోరుగా ఆడుతుందో నోరు అంతకు రెండింతలు ఆడుతుంది.

"షుగరుకి ఇంతకు మించిన మందు లేదమ్మా! కావాలంటే మా ఆయన్ని అడుగు!"

ఆమె మొగుడు ఫిదెన్సియోకు షుగరు వచ్చి ఎనిమిదేళ్ళు. బిళ్ళలకు లొంగడం లేదని డాక్టరమ్మ ఇన్సులిన్ రాసిచ్చింది. హసింతా వాళ్ళ అక్క ఆ సూది మందు మొదలెట్టిన ఏడాదికే గుడ్డిదైంది. అందుకే హసింతా మొగుడి ఇన్సులిన్ తీసుకెళ్ళి చెత్తలో పడేసింది.

"కళ్ళు పోయాక ఏడ్చి ఏం లాభం? నేనిచ్చింది తాగు," అని రోజూ పొద్దున్నే మట్టలు రుబ్బి రసం తాగించింది. షుగరు కొంచెం దిగింది కూడా. ఆ మొక్క పాపం ఏమీ ఎరగదు, దాని నెత్తిన మోయలేని బరువు పెట్టింది మనుషులే.

కొన్నాళ్ళకు, ఏడాదిగా నిప్పులు తొక్కినట్టు మండుతున్న అతని పాదాలు చల్లబడ్డాయి.

"నీ చెయ్యి మంచిదే ముసలీ!" అన్నాడు ఫిదెన్సియో. ఆ ఆదివారం హసింతా ఇరుగుపొరుగును పిలిచి మొక్కజొన్న పిండితో తమాలేలు వండి పెట్టింది.

నెల తిరక్కుండా ఇంట్లో కుళ్ళు వాసన. చచ్చిన ఎలుక కోసం మంచం కింద వెతికింది. వాసన మంచం మీద పడుకున్న మనిషిది. మేజోడు లాగి చూస్తే అరికాల్లో ముల్లు, చుట్టూ నల్లబడ్డ కండ.

"ఎప్పుడు గుచ్చుకుందయ్యా ఇది?"

"ఏది?"

పట్టకారు తెచ్చింది.

"తీసేదేదో తియ్యి, ఎంతసేపు చూస్తావ్!" అని విసుక్కున్నాడతను. ముల్లు అప్పటికే బయటికి వచ్చేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కాలు అటూ ఇటూ నొక్కి చూసింది.

"మంట పోతే నయమైనట్టు కాదమ్మా. నరాలు చచ్చిపోయాయి. మోకాలి కింద తీసెయ్యాలి. ఇన్సులిన్ ఇప్పుడే మొదలెట్టాలి."

"కాలు తియ్యండి తల్లీ, సూది మాత్రం వద్దు. మా అక్క కళ్ళు..."

"మీ అక్కకి సూది ఎప్పుడు మొదలెట్టారు?"

"చూపు సగం పోయాక. అంతకుముందు అయిదేళ్ళూ నేనే..."

ఆ అయిదేళ్ళూ అక్కకు రసం తాగించింది హసింతానే. సూది వద్దన్నదీ ఆమే.

పొట్ట మీద సూది వెయ్యడానికి వీలుగా మొగుడి చొక్కా పైకెత్తి పట్టుకుంది.

"వెయ్యమ్మా," అంది.