మంచులో వేసిన కుర్చీ

నేను ఒక మడత కుర్చీని. ఇనప శరీరం, బూడిద రంగు. వీపు మీద తెల్ల పెయింటుతో ‘తె.సం. 27’ అని రాసి ఉంటుంది. మనుషుల్ని కూర్చోబెట్టడానికే పుట్టినదాన్ని కానీ, నలుగురిలో నాకు పేరొచ్చింది మాత్రం ఎవరూ కూర్చోకుండా ఖాళీగా ఉన్న రోజుల్లోనే. కాబట్టి పని చేసేవాళ్ళకే పేరొస్తుందని మీకెవరైనా చెబితే అంత తొందరగా నమ్మకండి.

పుట్టింది అమెరికాలో ఒక రేకుల షెడ్డులో. మొదట ఒక చర్చి హాలులో పదేళ్ళు పనిచేశాను. అక్కడివాళ్ళు నెమ్మదస్తులు, కూర్చుంటే పాట అయ్యేదాకా కదలరు. ఆ చర్చి మూతపడ్డాక మేం నలభై మందిమి కట్టగట్టుకుని తెలుగు సంఘం చేతికి వచ్చాం. అప్పుడు తెలిసింది కుర్చీ బతుకంటే ఏమిటో. మనవాళ్ళు కుర్చీ ఉన్నచోట కూర్చోరు. వరసలోంచి లాక్కెళ్ళి గుండ్రంగా వేసుకుని, వేదికకు వీపు పెట్టి కబుర్లాడతారు. ఉపన్యాసం మొదలవగానే మా మీద ఒక కోటో సంచో పెట్టి భోజనాల వైపు వెళ్ళిపోతారు. ఎన్ని ఉపన్యాసాలు కోట్లూ సంచులూ శ్రద్ధగా విన్నాయో నాకు తెలుసు.

సంఘం కార్యదర్శి పేరిశాస్త్రి గారికి మనుషుల మీద నమ్మకం తక్కువ. కుర్చీలు మాయమవుతాయని అనుమానించి అందరి వీపుల మీదా నంబర్లు వేయించారు. నంబర్లు వేసిన ఏడాదికి నలభై కాస్తా ముప్పై ఒకటయ్యాయి. పోయిన తొమ్మిదింటిలో నేనొకదాన్ని.

నన్ను పట్టుకుపోయినావిడ పేరు ఇందుమతి గారు. ఇంట్లో వ్రతమని ఆరు కుర్చీలు అడిగి తీసుకెళ్ళి, ఐదు తిరిగిచ్చారు. దొంగతనం అనకండి. ఆ వేళ నా మీద దేవుడి పటం ఉంది, పటాన్ని దింపి కుర్చీ ఇవ్వడం ఎలా అని ఆవిడ ఆగారు. తర్వాత పటం గోడెక్కింది, నేను ఉండిపోయాను. శాస్త్రి గారు ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే ఆదివారం తెచ్చేస్తానని చెప్పేవారు. అలా పదకొండేళ్ళ ఆదివారాలు గడిచాయి.

ఇందుమతి గారిది అమలాపురం పక్క ఊరు. ఇక్కడ ఒక ఆస్పత్రిలో రక్తం తీసే ఉద్యోగం. మాట కూడా సూది లాగే సూటిగా దిగుతుంది. భర్త భాస్కరరావు గారు ఇంట్లోంచే కంప్యూటరు పని చేసుకుంటారు. ఎవరికీ కాదని చెప్పి ఎరగని మనిషి. ఆయనకు ఈ దేశపు పౌరసత్వం వచ్చి పద్నాలుగేళ్ళయింది. అయినా మొన్నటి చలికాలం పాల డబ్బా కొనడానికి వీధి చివరికి వెళ్ళినా సరే, కోటు లోపలి జేబులో పాస్‌పోర్టు పెట్టుకునే వెళ్ళారు.

ఊరు ఉత్తరాన పెద్ద సరస్సు ఒడ్డున ఉంది. పేరు చెప్పను. చెబితే మీలో ఎవరో ఒకరు మా తోడల్లుడు అక్కడే అంటారు, కథ అక్కడితో ఆగిపోతుంది. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళకు షెడ్లు లేవు, బండి వీధి పక్కనే పెట్టుకోవాలి. మోకాలి లోతు మంచు పడిన రోజున ఎవరి చోటు వాళ్ళు పారతో తవ్వుకుంటారు. తవ్వినచోట ఒక కుర్చీ వేసి పనికి పోతారు. మంచు కరిగేదాకా ఆ చోటు వాళ్ళదే. ఇది ఏ చట్టంలోనూ లేదు. అక్కడి జనం చట్టాన్నైనా మీరతారు గానీ కుర్చీని కదపరు. కదిపినవాడి కారు మీద ఎవరో బకెట్టు నీళ్ళు పోస్తారు, అవి గడ్డకట్టి వారం రోజులు తలుపు తెరుచుకోదు.

భాస్కరరావు గారికి ఈ ఆచారం వింతగా తోచింది. ఇందుమతి గారికి మాత్రం అరక్షణం పట్టలేదు.

“ఇందులో ఏవుందండీ? బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వెయ్యడవే కదా,” అన్నారు.

అమలాపురం బస్టాండులో కాలేజీ రోజుల్లో ఆవిడ అందులో ఆరితేరిన మనిషి. కర్చీఫ్ వేసి, ఎవరైనా అడిగితే “మనిషొస్తున్నారండీ” అంటే చాలు, ఎంత గొడవమనిషైనా పక్కకు తప్పుకుంటాడు. వచ్చే మనిషి ఎవరో, ఎక్కడున్నారో అడగడు. ఆ నమ్మకంతోనే ఆవిడ నన్ను మంచులో వేసి, నా వీపుకి ఒక ఎర్ర గళ్ళ తువ్వాలు కట్టారు. నా రెండో ఉద్యోగం అలా మొదలైంది.

పక్కింటి ఎలాడియో ఇళ్ళ కప్పులు వేసే మేస్త్రి. ఆవిడ నడుంనొప్పి చూసి, మంచు పడినప్పుడల్లా ముందు ఆవిడ చోటు తవ్వి ఆ తర్వాత తన ఎర్ర ట్రక్కు చోటు తవ్వుకునేవాడు. బదులుగా గోంగూర పచ్చడి సీసా వెళ్ళేది. దాన్ని రొట్టెలో చుట్టుకుని తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇంకో సీసా అడిగేవాడు. భార్య మారిబెల్, ఇద్దరు ఆడపిల్లలు. మెక్సికో నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళు. ఆ వీధిలో సగం కప్పులు అతను వేసినవే. ఈ దేశంలో ఉండడానికి కాగితాలు మాత్రం లేవు.

అవతలింటి నోవాక్ గారు వేరే రకం. డెబ్భై ఎనిమిదేళ్ళ ఒంటరి మనిషి, మాటకు ముందు విసుగు వస్తుంది. కాగితాలు లేనివాళ్ళు వెళ్ళిపోవాల్సిందే, చట్టం చట్టమే అని ఎలాడియో ముందే అనేవాడు. ఆ అనడం కూడా ఎలాడియో బాగుచేసిపెట్టిన కప్పు కింద నిలబడే. చూపు తగ్గి నాలుగేళ్ళ కిందటే కారు అమ్మేశాడు, అయినా ఏటా చోటు తవ్వి, చచ్చిపోయిన భార్య వంటింటి కుర్చీ అందులో వేస్తాడు. పసుపు మెత్త ఉన్న ఆ కుర్చీకి ముప్పై ఒక్క చలికాలాల సర్వీసు. అది నాతో మాట్లాడేది కాదు.

మొన్నటి చలికాలం మా ఊరికి, కాగితాలు లేనివాళ్ళని పట్టుకుపోయే ఫెడరల్ ఇమిగ్రేషన్ వాళ్ళు దిగారు. ముఖాలకు ముసుగులు, నల్లద్దాల బండ్లు. పొద్దున్నే వీధి పక్కన బండి ఆపుకుని, పనికి బయల్దేరే మనిషి కోసం కాచుకుని ఉండి ఎత్తుకుపోయేవారు. పక్క వీధిలో ఇద్దరు అలా పోయారు. మారిబెల్ పిల్లలు బడికి వెళ్ళేముందు నాన్న ఇంటికొస్తాడా అని రోజూ అడగడం మొదలుపెట్టారు.

వీధి జనం లాండ్రీ షాపులో, తిరిగే మిషన్ల మధ్య సమావేశమయ్యారు. ఒక లాయరమ్మ వచ్చి చెప్పింది: వాళ్ళు కనబడితే ఈలలు ఊదండి, వీడియో తియ్యండి, వాళ్ళ మీద చెయ్యి వెయ్యకండి, జడ్జి సంతకం ఉన్న కాగితం చూపించమనండి, లేకపోతే తలుపు తియ్యకండి. అందరూ రాసుకున్నారు. మనకెందుకొచ్చిన గొడవ అని భార్య కొంగు పట్టి వెనక్కి లాగినంత పని చేస్తున్న భాస్కరరావు గారు కూడా రాసుకున్నారు. ఇందుమతి గారు చెయ్యెత్తి ఒక సందేహం అడిగారు. కాచుకుని ఉండాలంటే ముందు వాళ్ళకి బండి పెట్టుకునే చోటు ఉండాలి కదా అని.

అంతే, మిషన్ల మోత ఇక వినబడలేదు. అందరూ ఒకేసారి మాట్లాడారు.

ఆ వారమే పద్నాలుగు అంగుళాల మంచు పడింది. వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క గజం వదలకుండా తవ్వారు. బండి లేనిచోటల్లా ఏదో ఒకటి వేశారు. కుర్చీలు అయిపోయాక ఇస్త్రీ బల్ల వచ్చింది, ముసలివాళ్ళు పట్టుకుని నడిచే చేతికర్ర బండి వచ్చింది, ముక్కు విరిగిన ఒక క్రైస్తవ సాధువు బొమ్మ వచ్చింది, చివరికి తెల్లటి కమోడ్ ఒకటి కూడా వచ్చి మా వరసలో కూర్చుంది. కుర్చీ కులంలో పుట్టిన నాకు అది కొంచెం కష్టంగానే అనిపించింది. భాస్కరరావు గారు మూడు రోజులు కిటికీలోంచి చూసి, నాలుగో రోజు తన కంప్యూటరు ముందుండే చక్రాల కుర్చీని తోసుకుంటూ వచ్చారు. జేబులో పాస్‌పోర్టు ఉంది. దాన్ని నా చోట పెట్టి, నన్ను ఎలాడియో ఇంటి ముందు వేశారు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఉదయం మూడు నల్ల బండ్లు వచ్చాయి. ఎలాడియో ఇంట్లో బూట్లు తొడుక్కుంటున్నాడు. బండ్లు ఒక చుట్టు తిరిగాయి, చోటు లేదు. రెండో చుట్టు తిరిగాయి, కమోడ్ దగ్గర కాస్త నెమ్మదించి ముందుకు పోయాయి. వీధి మధ్యలో ఆపుదామంటే వెనకే చెత్త లారీ వచ్చింది. దాని డ్రైవరు హారన్ మీద మోచెయ్యి ఆనించి నింపాదిగా కాఫీ తాగుతున్నాడు. ఆ మూల ఒక ఈల, ఈ మూల ఒక ఈల మొదలయ్యాయి.

మూడో చుట్టులో ఒక ముసుగు మనిషికి ఓపిక పోయింది. దిగి, పసుపు మెత్త కుర్చీని ఒక చేత్తో ఎత్తి మంచు గుట్ట మీదకు విసిరేశాడు. దాని కాలు విరిగిన చప్పుడు నేను విన్నాను.

నోవాక్ గారి తలుపు తెరుచుకుంది. ఇంట్లో తొడుక్కునే గౌను, కాళ్ళకు చెప్పులు, చేతిలో మంచు పార. మెట్లు దిగడానికి ఆయనకు మామూలుగా ఐదు నిమిషాలు పడుతుంది, ఆ వేళ పట్టలేదు. మేం ప్రభుత్వం మనుషులం, ఇది ప్రభుత్వ రోడ్డు అని వాళ్ళు చెప్పబోయారు.

“చోటు నేను తవ్వాను,” అన్నాడు ఆయన. “అది మా ఆవిడ కుర్చీ. తీసినచోట పెట్టు.”

ఆ మాట అన్న తీరుకి ఇళ్ళన్నీ ఖాళీ అయ్యాయి. ఈలల గురించి పట్టించుకోని వాళ్ళు కూడా కుర్చీ కదిపారట అని వినగానే పరిగెత్తుకొచ్చారు. ఇందుమతి గారు వచ్చి, తువ్వాలు సర్దుకుని, నా మీద కూర్చున్నారు. ఆ చలికాలంలో నా మీద ఒక మనిషి కూర్చోవడం అదే మొదలు. ఆవిడను చూసి అవతలావిడ కూర్చుంది, తర్వాత వీధంతా కూర్చుంది. కమోడ్ మీద కూడా ఒకాయన కూర్చున్నాడు, ముఖంలో ఏ మార్పూ లేకుండా. నోవాక్ గారు కాక నిలబడి ఉన్నవాళ్ళు ఆ ముసుగువాళ్ళు మాత్రమే.

అప్పుడు చక్రాల కుర్చీలోంచి ఒక సన్నటి గొంతు వినిపించింది. కాగితం మీద జడ్జి గారి సంతకం ఉందా అండీ అని భాస్కరరావు గారు ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా అడుగుతున్నారు. ఒక చెయ్యి కోటు జేబులో పాస్‌పోర్టు మీదే ఉంది. సంతకం లేదు. ఆ ముసుగు మనిషి వెళ్ళి పసుపు కుర్చీని తెచ్చి, మూడు కాళ్ళ మీద నిలబడేలా రెండుసార్లు సర్ది, చోట్లో పెట్టి బండెక్కాడు. చెత్త లారీ దారివ్వడానికి ఇంకో పది నిమిషాలు తీసుకుంది.

వీధంతా వారం రోజులు మీసం మెలేసింది. నేను కూడా పొంగిపోయాను, దాచను. మా వీడియో టీవీలో వచ్చింది. వెంటనే ఫోన్ మోగింది. పేరిశాస్త్రి గారు క్షేమసమాచారం అడగకుండా, “అమ్మా, అది మన ఇరవై ఏడో నంబరండీ,” అన్నారు.

మూడు వారాల తర్వాత ఎలాడియోని పట్టుకున్నారు. మా వీధిలో కాదు. పనికి వెళుతూ వేరే ఊరి సిగ్నల్ దగ్గర ఆగితే, రెండు పక్కలా బండ్లు అడ్డుపెట్టి దింపారు. అక్కడ కుర్చీలు లేవు. దూరంగా ఏదో రాష్ట్రంలో పెట్టారట, ఆదివారం ఆదివారం ఫోన్ వస్తుంది. కేసు నడుస్తోందంటారు. ఆ రోజు ఇందుమతి గారు ఏడ్చారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, నన్ను తీసుకెళ్ళి ఎర్ర ట్రక్కు ఉండే చోట వేశారు.

మార్చిలో మంచు పోయింది. ఆచారం ప్రకారం కుర్చీలన్నీ లోపలికి వెళ్ళాలి, మిగిలినవాటిని కార్పొరేషన్ లారీ ఎత్తుకుపోతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ నియమం తప్పినవాళ్ళ మీద ఫిర్యాదులు రాసింది నోవాక్ గారే. మే నెలలో లారీ వచ్చి నా దగ్గర ఆగినప్పుడు, ఆయన పొట్టిచేతుల చొక్కాలో మెట్ల మీద ఎండ కాగుతున్నాడు.

“దాన్ని ముట్టుకోకు. మంచు ఇంకా కరగలేదు,” అన్నాడు.

లారీవాడు పొడి రోడ్డు వైపు చూశాడు, ఆయన ముఖం చూశాడు, వెళ్ళిపోయాడు.

జూన్‌లో పేరిశాస్త్రి గారు నాకోసం స్వయంగా వచ్చారు. వీధిలో ఎక్కడా ఖాళీ లేదు, నేనున్న చోటు తప్ప. కారద్దం దించి, మొక్కలకు నీళ్ళు పోస్తున్న భాస్కరరావు గారిని పిలిచి, ఆ కుర్చీ కాస్త తీస్తే బండి పెట్టుకుంటాను, ఎలాగూ దాన్ని పట్టుకెళ్ళడానికే వచ్చాను అన్నారు. భాస్కరరావు గారు పైపు కింద పెట్టి వచ్చి, నా వీపు మీద చెయ్యి వేశారు. చెయ్యి తడిగా ఉంది, జేబు వైపు పోలేదు.

“మనిషొస్తున్నారండీ,” అన్నారు.

శాస్త్రి గారు నోరు తెరిచారు. నా తువ్వాలు వైపు, పక్కింటి మెట్ల మీద కూర్చుని రోడ్డు చివరికి చూస్తున్న మారిబెల్ పిల్లల వైపు చూశారు. ఆయన కూడా మన బస్సుల్లో తిరిగిన మనిషే. వచ్చేదెవరో, ఎక్కడున్నారో అడగలేదు. అద్దం ఎత్తుకుని, కారు వెనక్కి తీసి, మూడు వీధుల అవతల పెట్టుకుని ఎండలో నడిచి వచ్చారు.