వదిన డాబా మీది సోలార్

వదిన డాబా మీద సోలార్ ప్యానెళ్లు బిగించి ఏడాది కావస్తోంది. వాటిని లైనుకు కలపడానికి కరెంటు కంపెనీ ఇంకా అనుమతి ఇవ్వలేదు. అలాంటి కంపెనీలకు ముకుతాడు వేసే కమిషన్‌లో సభ్యురాలు సాక్షాత్తూ ఆవిడ ఆడపడుచే. కింది వాటాలోనే ఉంటుంది.

"ఒక్క ఫోన్ కొట్టవే తల్లీ, నోటి ముత్యాలేం రాలిపోవు!" అనేది వదిన.

"నేను కొట్టకూడదు వదినా." ఆ మాట చెప్పీ చెప్పీ ఆడపడుచుకు విసుగొచ్చింది.

ఓ రోజు కమిషన్ విచారణలో, ఇలాంటి దరఖాస్తులు గుట్టలుగా ఎందుకు పడున్నాయని ఆమె నిలదీసింది. కంపెనీ ఇంజనీరు కాగితాలు తిరగేశాడు. ట్రాన్స్‌ఫార్మర్లు తట్టుకోవన్నాడు. ఆమె వదల్లేదు.

"మేడమ్, మేం కొత్త లైను వేస్తే, పెట్టిన డబ్బు మీద మీరు లాభం కట్టిస్తారు. జనం ఇంటిమీదే కరెంటు చేసుకుంటే మాకొచ్చేది సున్నా. ఇంక ఎవరికండీ తొందర?" అన్నాడు చివరికి.

హాలంతా నవ్వింది. ఆమెకు నవ్వు రాలేదు. ఆ లాభం లెక్క కట్టేది తమ కమిషనే మరి.

మధ్యాహ్నం ఛైర్మన్ గదిలో ముగ్గురు సభ్యులూ కూర్చున్నారు. దరఖాస్తుకు కంపెనీ నెలలోగా జవాబివ్వకపోతే అనుమతి ఇచ్చినట్టే. ఎంత త్వరగా కలిపితే కంపెనీకి అంత ప్రతిఫలం. ఆమె రాసుకొచ్చిన ఉత్తర్వు అది. ఛైర్మన్ బాగుందన్నాడు. అని, కళ్లజోడు తుడుచుకుంటూ నసిగాడు.

"కొత్త దరఖాస్తులకే పెడదామమ్మా. మీ ఇంట్లోదొకటి పెండింగులో ఉందని మీరే చెప్పారు కదా. పాతవీ కలిపితే సొంతింటి కోసం రాసిందంటారు. కంపెనీవాళ్లు కోర్టుకెక్కి ఉత్తర్వు మొత్తం కొట్టేయిస్తారు."

పాతవాళ్లు ఏం పాపం చేశారని ఆమె వాదించింది. మూడో సభ్యుడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వాదించగా వాదించగా ఆమెకు ఓపిక అయిపోయింది. సంతకం పెట్టేసింది.

ఇంటికొస్తూనే నేరుగా పైకెక్కి, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పింది.

వదిన ఉతికిన బట్టలు మడతపెడుతోంది. "అంటే, నువ్వు నా ఆడపడుచువైనందుకు నాతోపాటు ఊళ్లోవాళ్లందరికీ దెబ్బ పడిందన్నమాట."

"అవును."

"మా ఆయన అనవసరంగా చదివించాడు నిన్ను."

అది కోపమో ఎగతాళో ఆమెకు అర్థం కాలేదు. కుర్చీలో కూలబడింది. వదిన ఇంకో చీర మడిచింది.

"పాతది వెనక్కి తీసుకుని కొత్తగా పెట్టుకోవచ్చా?"

"ఎవరైనా పెట్టుకోవచ్చు. వరస మాత్రం మళ్లీ మొదట్నుంచీ."

"సరేలే, ఇప్పుడు నెలేగా గడువు. వీధిలో అందరికీ నేను చెప్తా. నువ్వెళ్లి పడుకో, మొహం పీక్కుపోయింది."

ఆమె లేవలేదు. మెట్లు దిగే ఓపిక కూడా లేక, బట్టల కుప్ప పక్కనే కళ్లు మూసుకుంది.