చివరి సున్నా

నేను ఒక ఫైలును. మహా అయితే నాలుగు వరుసలుంటాను. నూజివీడు దగ్గర ఒక మామిడికాయల షెడ్డులో, లైనక్స్ కంప్యూటరులో నా కాపురం. కాయల్ని ఏరి పెట్టెల్లో సర్దే ఇనుప చెయ్యి ఒకటి ఆ కంప్యూటరుకు తీగతో తగిలించి ఉంటుంది. దానికి ఆజ్ఞలిచ్చే హక్కు ఎవరికుందో చెప్పడమే నా ఉద్యోగం. మనుషులతో పని లేకపోతే మంచి ఉద్యోగమే.

నన్ను రాసింది హైమవతి, ఆ చెయ్యి తయారుచేసిన కంపెనీలో ఇంజినీరు. "దీని పక్కన ఆడవాళ్ళు నిలబడి పనిచేస్తారు. దారినపోయే ప్రతి ప్రోగ్రామూ దీన్ని కదపకూడదు" అంటూ నాలో అనుమతులు చెప్పే అంకెల చివర సున్నా పెట్టింది. జాబితాలో పేరున్నవాళ్ళకే ప్రవేశం, మిగతావాళ్ళకు సున్నా అని దానర్థం. తర్వాత నన్ను సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలో సర్ది పదకొండు షెడ్లకు పంపింది.

మా షెడ్డులో నన్ను ఎక్కించినవాడు ఫణీంద్ర, అక్కడ కంప్యూటరు చూసుకునే మనిషి. యంత్రాన్ని కదపబోతే అనుమతి లేదన్నాను. తన పేరు జాబితాలో చేర్చుకున్నాడు, అంతవరకు బుద్ధిమంతుడే. చేర్చుకున్నాక ఒకసారి లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అయితేగాని ఆ చేరిక పనిచేయదు. హైమవతి ఆ సంగతి కాగితం మీద రాసి మరీ పంపింది. ఆ కాగితంలో అతగాడు బజ్జీలు పెట్టుకు తిన్నాడు. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ కాదన్నాను.

"ఇదేం దరిద్రపు ఫైలండీ, దేనికీ పనికిరాదు" అని యజమానికి చెప్పి, నా సున్నాను చెరిపి ఆరు చేశాడు. ఆరంటే ఎవరైనా రావచ్చు. యంత్రం కదిలింది. యజమాని అతని భుజం తట్టాడు.

జుబేదా ఆ యంత్రం కింద బెల్టు తుడిచే మనిషి. అది ఆగినప్పుడు వంగి మామిడి సొన తుడుస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం అదే కంప్యూటరులో ఉన్న తూకం ప్రోగ్రాము, తన కాటా ఏ తీగకు ఉందో తెలియక, తెరిచి ఉన్న ప్రతి తీగలోకీ ఏదో కూసింది. నా సున్నా ఉంటే గుమ్మంలోనే ఆపేదాన్ని. ఇనుప చెయ్యి ఆ కూతను ఆజ్ఞ అనుకుని దిగింది. జుబేదా రెండు వేళ్ళు పోయాయి.

విచారణ జరిగింది. "ఆవిడే చూసుకోకుండా దూరిందండి" అన్నాడు ఫణీంద్ర. అందరూ తలూపారు. నన్ను తెరిచి చూసినవాడు ఒక్కడూ లేడు. వాళ్ళ తలకాయలు చూస్తే నాకు అసహ్యం వేసింది.

హైమవతికే అనుమానం వచ్చింది. "ఫణీ, ఆ ఫైలు ఏమన్నా ముట్టుకున్నావా?" అని ఫోన్లో అడిగింది.

"అబ్బే, లేదు మేడం."

ఆమె నమ్మలేదు. పైన ఒక హెచ్చరిక వరుస చేర్చి, అదే సున్నాతో కొత్త ప్యాకేజీ పంపింది. ఎక్కిస్తుంటే కంప్యూటరు ఆగి అడిగింది: ఇక్కడి ఫైలును ఎవరో మార్చారు, కొత్తది పెట్టమంటారా, పాతదే ఉంచమంటారా? ఏమీ చెప్పకుండా ఎంటర్ కొడితే పాతదే ఉంటుంది. ఫణీంద్ర బావమరిదితో ఫోన్లో కబుర్లాడుతూ ఎంటర్ కొట్టాడు.

కొత్త ఫైలు కంప్యూటరు పట్టించుకోని, ఎవరూ తెరవని పేరుతో నా పక్కనే పడి ఉంది. దాని చివర సున్నా, నా చివర ఆరు.

కట్టు విప్పిన చేత్తో జుబేదా ఇవాళ పనిలోకి వచ్చింది. గుడ్డ పట్టుకుని బెల్టు దగ్గర నిలబడి, "మిషను ఆపారా సార్?" అని అడిగింది.

"ఆపాంలే, తుడువు" అన్నాడు ఫణీంద్ర.

ఆమె వంగింది.